పదకొండు ఏ, కిటికీ సీటు

జూన్ 1, సోమవారం

లెన్సుల కంపెనీవాళ్ళు మా కళ్ళజోళ్ళ షాపుకి ఏటా ఓ డైరీ ఇస్తారు. ఏటా అది సొరుగులోనే పుట్టి సొరుగులోనే పోతుంది. ఈ ఏడు దానికి యోగం పట్టింది. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు గనక.

మా ఆవిడ ఉంది. జనవరి నుంచి మాట్లాడదు. "పాలొచ్చాయి", "గ్యాసయిపోయింది", "మధ్యాహ్నం నీళ్ళు రావట" అంటుంది. ఇవి మాటలు కావు, రైల్వే స్టేషన్లో మైకు ప్రకటనలు. వాటికి ఎవరూ బదులు చెప్పరు, చెప్పినా మైకు వినదు.

ఇవాళ కాస్త పెద్ద ప్రకటన వెలువడింది.

"అక్క దగ్గరికి వెళ్తున్నాను. కుట్టు వర్క్‌షాపులో కటింగు చూసుకోడానికి మనిషి కావాలంది. పద్నాలుగో తారీకుకి టికెట్ తీయండి. వెళ్ళడానికే."

"రావడానికి?"

"వెళ్ళడానికే అన్నాను."

వదినగారికి పన్నెండు మిషన్ల వర్క్‌షాపు ఉంది. ఆసుపత్రులకీ హోటళ్ళకీ యూనిఫారాలు కుడతారు. మా ఆవిడ కత్తెర పట్టుకుంటే గుడ్డ భయపడి తనంతట తనే తెగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వెళ్ళడానికే అంటే ఏమిటి? కోపంలో ఉన్న మనిషి సగం మాటే చెబుతుంది. మిగతా సగం మొగుడు పూరించుకోవాలి. పూరించుకుంటాను. నా దగ్గర పాయింట్లున్నాయి.

జూన్ 2, మంగళవారం

పాయింట్లంటే ఏమిటో నా డైరీలో నాకు నేను చెప్పుకోనక్కర్లేదు. అయినా చెప్తాను. ఈ విషయం వినడానికి మనుషులెవరూ ఒప్పుకోవడం లేదు, కాగితమైనా వినాలి కదా.

లెన్సుల శిక్షణ అని ఏడాదికి నాలుగుసార్లు విమానం ఎక్కిస్తాడు మా ఓనరు. ఎక్కిన ప్రతిసారీ పాయింట్లు. అవి చాలవని, ఆరేళ్ళుగా కూరగాయల దగ్గర్నుంచి పంటి డాక్టరు దాకా ఇంటి ఖర్చంతా ఒకే కార్డు మీద గీకాను. కార్డు తీసుకోని కొట్లో ఉప్పు కూడా కొనలేదు. ఒకసారి రెండు రోజులు ఉప్పు లేకుండా తిన్నాం. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ ఉప్పు లేని కూడు ఫలితమే ఇవాళ నేను విమానాల కంపెనీకి సిల్వర్ మెంబరుని.

సిల్వర్ మెంబరు అంటే మాటలా? లౌంజిలో ఉచిత కాఫీ. ఐదు కిలోల సామాను అదనం. నచ్చిన సీటు పైసా ఖర్చు లేకుండా ముందే ఎంచుకునే హక్కు, నాకూ నాతో వచ్చేవాళ్ళకీ. ముందు క్లాసులో సీటు మిగిలిపోతే పిలిచి మరీ కూర్చోబెడతారు. అది మాత్రం మెంబరుకే.

"కొండను తవ్వి ఎలుకను పట్టావయ్యా" అంటాడు ఓనరు. ఆయన ఇప్పటికీ చివరి వరసలో, బాత్‌రూము తలుపు పక్కన కూర్చుని ప్రయాణం చేస్తాడు. ఆయన అభిప్రాయానికి ఎంత విలువో అంతే ఇచ్చాను.

జూన్ 4, గురువారం

ఇవాళ "పాలొచ్చాయి" కూడా లేదు. పాలు వచ్చాయి.

జూన్ 5, శుక్రవారం

జనవరి సంగతి ఇందులో రాయను. రాయడానికేమీ లేదు.

జూన్ 6, శనివారం

ఏమీ లేనప్పుడు రాస్తే మాత్రం ఏం పోయింది?

జనవరిలో మా అత్తగారు పోయారు. వెళ్ళాం. పదిహేను రోజులున్నాం. తిరుగు ప్రయాణానికి మా ఆవిడకి కిటికీ సీటు నేనే ఎంచాను, నా హక్కు వాడి. పదకొండు ఏ. ఆ విమానంలో కిటికీలన్నీ నిండిపోయాయి, ఆ ఒక్కటే నా కోసం కాచుకుని కూర్చున్నట్టు ఖాళీగా ఉంది. అమ్మ పోయిన మనిషి, మబ్బులు చూస్తూ కూర్చుంటే మనసు తేలికపడుతుందనుకున్నాను. చెడ్డ ఆలోచనా ఇది? పక్కది నాకు.

గేటు దగ్గర నా పేరు పిలిచారు. ముందు క్లాసులో ఒక సీటు. ఒక్కటే. ఆరేళ్ళలో మొదటిసారి.

నేనేం ఎగిరి గంతేసి వెళ్ళిపోలేదు. అడిగాను. "ఏం చేయమంటావు?" అన్నాను.

"వెళ్ళండి" అంది.

వెళ్ళండి అంటే వెళ్ళండనే కదా అర్థం? ఇరవై ఆరేళ్ళ కాపురం తర్వాత ఆ మాత్రం తెలుగు రాదా నాకు?

పోనీ వెళ్ళి మర్చిపోయానా అంటే అదీ లేదు. ఎక్కగానే వాళ్ళిచ్చిన వేయించిన జీడిపప్పు పొట్లం, విప్పకుండా, ఎయిర్ హోస్టెస్ చేత వెనక ఆవిడకి పంపించాను. ఎంతమంది మొగుళ్ళు పంపిస్తారు? తర్వాత కాస్త కళ్ళు మూసుకున్నాను. నిద్రపోలేదు. కళ్ళు మూసుకున్నానంతే.

దిగాక ఒకటే మాట అంది. "అక్కడ కిటికీ లేదు."

లేకపోవడమేమిటి? సీట్ల పటంలో ఏ అంటే కిటికీ. ఫోను తీసి చూపించాను. "లేదు" అంది. ఇంటికొచ్చాక పెద్ద తెర మీద చూపించాను. "లేదు" అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. వారం రోజులు ఓపిగ్గా వివరించాను. ఎనిమిదో రోజు నుంచి ప్రకటనలు మొదలయ్యాయి.

ఇదీ జనవరి సంగతి. చెప్పానుగా, ఏమీ లేదని.

జూన్ 8, సోమవారం

షాపుకి ఓ పెద్దావిడ వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, చార్టు చదవమన్నాను. పై వరస నుంచి అట్టడుగు వరస దాకా గడగడా చదివేసింది, కనీసం కళ్ళు చికిలించకుండా. అనుమానమొచ్చి చార్టు మార్చాను. రెండో వరసకే నోరు పడిపోయింది. బయట కూర్చున్నప్పుడు తలుపు సందులోంచి చూసి కంఠతా పట్టిందట. ఎక్కువ పవరు వస్తే కోడలు నవ్వుతుందని.

"చార్టు కంఠతా వస్తే చూపొచ్చినట్టు కాదమ్మా. కనిపిస్తే కనిపించిందనండి, కనిపించకపోతే లేదనండి. మీ కళ్ళకి ఏది కనిపిస్తే అదే నాకు నిజం" అన్నాను. ఈ మాట రోజుకి పదిసార్లు అంటాను. చక్కటి మాట.

తర్వాత అద్దాలు మార్చి మార్చి చూపించాను. "ఇలా బాగుందా? ఇలా బాగుందా?"

"అంత తేటగా లేదు గానీ నాయనా, దీనికే అలవాటు పడతాలే" అంది. అందరూ చివరికి అదే అంటారు.

జూన్ 9, మంగళవారం

అయిపోయింది. సర్వం అర్పించేశాను.

ఆరేళ్ళ పాయింట్లు ఊడ్చి పెడితే ముందు క్లాసులో ఒక సీటు వచ్చింది. రెండు ఏ. మా ఆవిడకి. మిగిలినవాటితో జూలై పన్నెండుకి ఆవిడకి తిరుగు టికెట్. ఆ సంగతి ఆవిడతో అనలేదు, సమయం చూసి అంటాను. నేను దిగబెట్టడానికి వెళ్తున్నాను, మామూలు టికెట్ మీద. మర్నాడే వెనక్కి.

నా సీటు కూడా ఎంచుకున్నాను. విమానం అదే రకం. సీట్ల పటం తెరవగానే పదకొండు ఏ ఖాళీగా కనిపించింది, మళ్ళీ. కిటికీలన్నీ పోయినా అదొక్కటే ఉంది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం, కిటికీ వద్దనేవాళ్ళు ఇంతమంది ఉన్నారు లోకంలో. పట్టేశాను. గాల్లోకి లేచాక ఆ కిటికీ ఫోటో తీసి, దిగగానే ఆవిడ ఫోనుకి పంపిస్తాను. మబ్బులతో సహా. దాంతో కేసు కొట్టేసినట్టే.

వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. "ముందు క్లాసులో తీశాను."

"ఎవరికి?"

"నీకే."

"మరి మీరు?"

"పదకొండు ఏ."

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా మొహంలోకి ఐదు నెలల తర్వాత సూటిగా చూసింది. "మంచిది" అంది.

కృతజ్ఞత అనుకుంటాను.

జూన్ 12, శుక్రవారం

పెట్టె సర్దుతోంది. నాలుగు చీరలు, మందులు, టేపు, సుద్దముక్కలు. తర్వాత బీరువా పైనుంచి పెద్ద కత్తెర దించి, పాత తువ్వాల్లో చుట్టి, బట్టల మధ్యలో పెట్టింది. పిడి దగ్గర ఆవిడ బొటనవేలి ఆకారానికి అరిగిపోయిన కత్తెర. పెళ్ళయిన కొత్తలో మొదటి సంపాదనతో కొనుక్కుంది. దాన్ని నన్ను కూడా ముట్టుకోనివ్వదు.

చూసి రావడానికి వెళ్ళే మనిషి ఆ కత్తెర తీసుకెళ్ళదు.

భయమేసింది. ఇంకేం రాయాలో తెలీదు. భయమేసింది.

జూన్ 14, ఆదివారం

లౌంజి. ఆవిడ కాఫీ ముట్టుకోలేదు. ఉచితం కదా అని రెండూ నేనే తాగాను. కత్తెర ఉన్న పెట్టె సామానులో వెళ్ళిపోయింది. అదనపు ఐదు కిలోల హక్కు భలే కలిసొచ్చింది. మా ఆవిడ నన్ను వదిలి వెళ్ళే బరువుని కూడా నా కార్డే మోస్తోంది.

అదే రోజు, విమానంలో

గోడ.

కిటికీ లేదు. పదో వరసకి ఉంది, పన్నెండో వరసకి ఉంది. మధ్యలో గోడ. మీగడ రంగు ప్లాస్టిక్ గోడ, నా మొహానికి జానెడు దూరంలో. ఎక్కగానే ఫోను తీసి కెమెరా పెట్టాను, తెర నిండా అదే రంగు. ముందుకి వంగితే పదోవాడి కిటికీ అంచు కనిపిస్తుందేమోనని చూశాను. వాడి చెవి కనిపించింది.

పక్కాయన, పెద్ద బొజ్జ, మందుల కంపెనీ ఏజెంటు, జాలిగా చూశాడు. "కొత్తా అండీ? ఈ వరసలో గోడలోంచి ఏసీ గొట్టం పోతుందిట. కిటికీ పెట్టరు. తెలిసినవాళ్ళెవరూ దీన్ని ఎంచుకోరు, ఎప్పుడూ ఖాళీయే."

"సిల్వర్ మెంబర్ని" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

"అయ్యో" అన్నాడు.

రెండు గంటల పది నిమిషాల ప్రయాణం. ఇప్పటికి నలభై నిమిషాలయింది. ఏజెంటు నిద్రపోయాడు, మోచెయ్యి నా డొక్కలో ఉంది. ఎటు తిరిగినా గోడే. అమ్మ పోయిన పదిహేనో రోజున ఆవిడ ఇక్కడే కూర్చుంది. ఇది చూస్తూ. నేను పంపిన జీడిపప్పు ఒళ్ళో పెట్టుకుని.

దిగగానే "కిటికీ లేదు" అంది. కళ్ళతో చూసిన మనిషి. నేను చార్టు చూపించాను. వారం రోజులు చూపించాను. తలుపు సందులోంచి కంఠతా పట్టిన ఆ పెద్దావిడకున్నపాటి సిగ్గు కూడా నాకు లేకపోయింది. కళ్ళు నెత్తికెక్కినవాడికి ఏ పవరు అద్దాలూ పనిచేయవు. ఇది నేను రోజుకి పదిసార్లు అనే మాటల్లో లేదు, చేర్చుకోవాలి.

బోర్డింగ్ పాసు వెనకాల "కిటికీ లేదు" అని రాసి, ఎయిర్ హోస్టెస్‌ని పిలిచి, రెండు ఏలో ఉన్నావిడకి ఇవ్వమన్నాను.

"మీరు వాళ్ళతో వచ్చారా సార్?"

"దిగబెట్టడానికి" అన్నాను.

పది నిమిషాల తర్వాత ఆ అమ్మాయి తిరిగొచ్చింది. నా చీటీ, దాని మీద వేయించిన జీడిపప్పు పొట్లం. విప్పలేదు. చీటీ మీద నా అక్షరాల కింద ఆవిడ అక్షరాలు: "తెలుసు. కూర్చున్నాను కదా."

అదే రోజు, వదినగారింట్లో

సామాను బెల్టు దగ్గర పక్కపక్కన నిలబడ్డాం. పెట్టెలు తిరుగుతున్నాయి. ఇది రాసిపెట్టుకోవాలి, తర్వాత నేను మార్చి చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

"కిటికీ లేదు" అన్నాను మళ్ళీ.

"ఊఁ."

"ఆ రోజు నన్ను పిలవాల్సింది కదా."

"పిలిచాను" అంది బెల్టు వైపే చూస్తూ. "గంట నొక్కితే ఒకమ్మాయి వచ్చింది. మా ఆయన ముందున్నారు, ఒక్కసారి రమ్మనండి అన్నాను. వెళ్ళి చూసొచ్చి, నిద్రపోతున్నారమ్మా, లేపమంటారా అంది. పోనీ నేను వెళ్తానంటే, ముందు క్లాసులోకి వెనక వాళ్ళని పంపకూడదుట, తెర వేసేసింది."

"లేపమనాల్సింది."

"నిద్ర లేపించి మరీ రమ్మనాలా, ఏవండీ? అమ్మ పోయింది నాకు."

పెట్టె వచ్చింది. నేను దించబోయాను, తనే దించుకుంది. "జీడిపప్పు వచ్చింది. మీరు రాలేదు" అంది.

నిద్రపోయాను. పైన కళ్ళు మూసుకున్నానంతే అని రాశాను. అబద్ధం. కాళ్ళు చాపుకుని, దుప్పటి కప్పుకుని, దిగేముందు లేపేదాకా నిద్రపోయాను. చాలా హాయిగా పట్టింది కూడా.

జూన్ 16, మంగళవారం

ఇల్లు. పాలొచ్చాయి. నేనే గట్టిగా అన్నాను, "పాలొచ్చాయి" అని.

జూన్ 18, గురువారం

యాప్ గుర్తు చేసింది: జూలై పన్నెండు ప్రయాణానికి మీ ప్రయాణికురాలి సీటు ఎంచుకోండి. మామూలుగా అయితే ఈపాటికి ఎంచి, మార్చి, మళ్ళీ ఎంచేవాణ్ణి.

జూన్ 20, శనివారం

ఫోన్ చేశాను. వెనకాల మిషన్ల చప్పుడు.

"జూలై పన్నెండుకి నీకు సీటు..."

"ఏ సీటు? ఎవరి టికెట్టు?"

చెప్పాను. ఆవిడ పక్కగదిలోకి వెళ్ళినట్టుంది. మిషన్ల చప్పుడు తగ్గింది.

"వెళ్ళడానికే అన్నాను కదండీ. ఆ మాట కూడా నమ్మలేదా?"

ఆవిడ నోటి మాట మీద రెండోసారి నా చార్టు పెట్టానన్నమాట.

"రద్దు చేస్తాను" అన్నాను. "వస్తావా?"

"ఇప్పుడడిగారు. తెలీదు. తెలిస్తే చెప్తాను."

రద్దు చేశాను. నిబంధన ప్రకారం పాయింట్లన్నీ పోతాయిట. నిజంగా రద్దు చేయమంటారా అని మూడుసార్లు అడిగింది యాప్. ఆవిడ వెళ్ళండన్నప్పుడు నేను ఒక్కసారి కూడా అలా అడగలేదు.

జూన్ 27, శనివారం

ఆవిడకి ఇంకా తెలిసినట్టు లేదు.

జూలై 3, శుక్రవారం

కార్డు తీసుకోని కొట్లో ఉప్పు కొన్నాను.

జూలై 8, బుధవారం

ఫోనుకి ఒక ఫోటో వచ్చింది. టికెట్. ఆవిడ పేరు మీద, ఆవిడ డబ్బుతో, పాయింట్లు రాని రకం. ఇరవై తొమ్మిది బి. చివరి వరస, మధ్య సీటు, బాత్‌రూము పక్కన. మా ఓనరు గారి సింహాసనం.

కింద రాసింది: "పన్నెండుకి వస్తున్నా. పది రోజులుంటా. మళ్ళీ వెళ్తా. నెలనెలా ఇంతే. కత్తెర ఇక్కడే ఉంటుంది. కుదిరితే సరే, లేకపోతే చెప్పండి."

మధ్య సీటు ఎవరైనా కొంటారా అని రాశాను. చెరిపేశాను. "సరే" అని పంపించాను. తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను, రెండుసార్లు.

జూలై 22, బుధవారం

దిగబెట్టి రావడానికి నేనూ వెళ్తున్నాను. ఓనరు రెండు రోజులు సెలవిచ్చాడు. ఆవిడది మళ్ళీ ఇరవై తొమ్మిది బి, పక్కన సి నేను కొన్నానంటే లేచి నిలబడి కరచాలనం చేశాడు.

గేటు దగ్గర కూర్చున్నాం. ఆవిడ ఏదో యూనిఫారం కాలరు గురించి చెబుతోంది, ఎవరో డాక్టరు మెడ కొలత తప్పిచ్చాడట. ఆర్నెల్ల మాటలు ఇంకా బాకీ ఉన్నా, కాలర్లతో మొదలవడం నయమే. ఇంతలో మైకులో నా పేరు.

కౌంటరు దగ్గరికి వెళ్ళాను. ముందు క్లాసులో ఒక సీటు ఖాళీ ఉందట. ఒక్కటే. సిల్వర్ హోదా ఈ నెలాఖరు దాకా ఉందట. దరిద్రం కూడా హోదా చూసి తలుపు తడుతుంది.

తిరిగొచ్చి చెప్పాను. ఆవిడ చేతిసంచిలో ఏదో వెతుకుతూ, తలెత్తకుండా, "వెళ్ళండి" అంది.

అదే మాట. అదే గొంతు. నాకు తెలుగు వచ్చనుకునేవాణ్ణి.

ఎదురుగా కూర్చున్నాను, షాపులో కూర్చున్నట్టు. "నేను ముందు కూర్చుంటే బాగుంటుందా? నీ పక్కన కూర్చుంటే బాగుంటుందా? ఊహించి చెప్పకు. నీకెలా ఉంటే అలాగే చెప్పు."

తలెత్తి చూసింది. నవ్వాపుకోవడానికి ప్రయత్నించి ఓడిపోయింది.

"పక్కన మీరుంటే కాళ్ళు చాపుకోడానికుండదు. గురక పెడతారు. మోచెయ్యి పొడుస్తారు" అంది. సంచి మూసి, నా చేతిలోంచి బోర్డింగ్ పాసు తీసుకుని, తన దానితో కలిపి పట్టుకుంది. "అంత బాగుండదు గానీ, దీనికే అలవాటు పడతాను. ఇంకోసారి నిద్రపోతే మాత్రం లేపుతాను."